తోడు వెళ్లే మనిషి

ఫల్గుణ గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగకాలమంతా ఇనుప ఖనిజం మోసే బండ్ల చివర, బ్రేకు వ్యానులో ఒక్కడే కూర్చుని, బొర్రా సొరంగాల గుండా కొండలెక్కుతూ దిగుతూ గడిపాడు. సిగ్నల్ దొరక్కపోతే అడవి మధ్యలో బండి గంటల తరబడి ఆగిపోయేది. పలకరించే మనిషి ఉండేవాడు కాదు. ఆయన కూడా మాటలు పెద్దగా అలవాటు చేసుకోలేదు.

ఉద్యోగం అయిపోయి అరకు దగ్గర తమ ఊరికి చేరిన రోజున, భార్య రాజకుమారితో కలిసి మోకరించాడు. "ప్రభువా, మిగిలిన కాలం నీ పనికే" అని ప్రార్థన చేసుకున్నాడు. తల్లి నాటి నుంచీ విశ్వాసులే కాబట్టి మాట ఇవ్వడం సులువుగానే జరిగిపోయింది. ఆ పని ఏమిటో మాత్రం తెలియలేదు.

పాస్టరు బాలాజీ ఒక ఆదివారం ఆయన్ని వాక్యం చెప్పమన్నాడు. ఫల్గుణ వారమంతా సిద్ధపడ్డాడు. తీరా నిలబడ్డాక, అన్ని కళ్లు తనమీదే ఉండేసరికి సిద్ధపడిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు. వాక్యభాగం చదివి, ఆమెన్ అని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. తర్వాత కరపత్రాలు పట్టుకుని సంతకి వెళ్లాడు. ఎవరినీ ఆపలేక సంచి అలాగే ఇంటికి తెచ్చేశాడు.

"నాలాంటోణ్ణి దేవుడు మాత్రం ఏటి సేసుకుంటాడు?" అన్నాడు భార్యతో, తమ కాఫీ తోటలో.

"అది దేవుడు సూసుకుంటాడు. నువ్వు బేగి పళ్లు కొయ్యి" అంది రాజకుమారి.

ఆ రోజుల్లోనే పై గూడెం నుంచి అచ్చియమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమె మొగుడు సోంబరు ఫల్గుణకి వరసకి బావ. అతనికి సుగరు ఉంది. తోటలో కాలికి కర్ర గుచ్చుకుంటే పట్టించుకోలేదు. వేళ్లు నల్లబడ్డాయి. అరకు ఆసుపత్రి డాక్టరమ్మ వెంటనే విశాఖ తీసుకెళ్లకపోతే కాలే తియ్యాల్సి వస్తుందని చెప్పింది. సోంబరు మంచం దిగనంటున్నాడు.

ఫల్గుణ ఆమె వెంట గూడెం ఎక్కాడు. గుమ్మం దగ్గరికి రాగానే పుండు వాసన తగిలింది.

"రాను బావా" అన్నాడు సోంబరు, గోడ వైపు తిరిగి. "మా తమ్ముడు ఆ పెద్దాసుపత్రికెళ్లే సచ్చిపోనాడు. ఆడికి మన కొండ బాసే వొచ్చు, ఆడి మాట ఎవులికీ తెలీలేదంట. దాహం అని అడిగినా తెలీలేదంట. అలగ సావడం కన్నా ఇక్కడే నయం."

ఫల్గుణకి బోధ చెయ్యడం చేతకాదు, నచ్చజెప్పడం అంతకన్నా చేతకాదు. "నాను కూడా వొస్తాను. నిన్ను మళ్లీ ఇంటికి తెచ్చే వొరకూ నీ పక్కనే ఉంటాను" అన్నాడు.

సోంబరు ఇటు తిరిగి ఆయన మొహంలోకి చూశాడు. "అయితే సరే."

మధ్యాహ్నం పాసింజరు ఎక్కారు. సోంబరుకి అదే మొదటి రైలు. సొరంగం రాగానే అతను ఫల్గుణ చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. "ఇది అయిపోద్ది బావా, వెలుగొస్తాది. ఇంకోటుంది, సిన్నదే" అని ప్రతిదాన్నీ ముందే చెప్తూ వచ్చాడు ఫల్గుణ. ఒక్క ప్రయాణంలో తను ఇన్ని మాటలాడతాడని ఆయనకే తెలియదు.

ఆసుపత్రిలో అన్నిటికీ కాచుకోవాల్సిందే. చీటీకి ఒక వరస, రక్తపరీక్షకి ఒక వరస, డాక్టరు కోసం మరో వరస. చుట్టూ జనం విసుక్కుంటున్నారు, తిట్టుకుంటున్నారు. ఫల్గుణకి మాత్రం ఇది తెలిసిన పనే. నర్సు చెప్పింది సోంబరుకి తమ కొండ భాషలో చెప్పాడు, సోంబరు చెప్పింది నర్సుకి తెలుగులో చెప్పాడు. నీళ్లు తాగించాడు, ఒళ్లు తుడిచాడు, బెడ్‌పాన్ తీశాడు. రెండు రోజులకి ఆ పనీ అలవాటైంది.

ఆపరేషనుకి తీసుకెళ్లే ముందు సోంబరు ఫల్గుణ చెయ్యి పట్టి ఆపాడు. "బావా, ఒకటి అడుగుతాను. నన్ను మీ సంగంలో కలుపుకోడానికేనా ఇదంతా?"

"కాదు."

"మరి నిన్ను ఎవులు పంపినారు?"

ఫల్గుణ దుప్పటి అతని భుజాల దాకా లాగాడు. "మా దేవుడే పంపినాడు. కానీ నీ దగ్గర ఏదో అడిగి తెమ్మని సెప్పనేదు."

సోంబరు కళ్లు మూసుకున్నాడు. "అయితే ఆయన్ని అడుగు. నాను మా కొండ దేవతని అడుగుతాను."

స్ట్రెచరు తలుపు వెనక్కి వెళ్లిపోయింది. ఫల్గుణ బల్లమీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. అందులో పెద్ద మాటలేమీ లేవు. ఆ మనిషి పేరే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు.

రెండు వేళ్లు పోయాయి. పాదం దక్కింది.

సోంబరు కర్ర ఊతంతో గూడెం ఎక్కిన సంగతి ఆ చుట్టుపక్కలంతా తెలిసింది. కాన్పు కష్టమైన ఒక అమ్మాయి తల్లి, తోడు రమ్మని ముందుగా వచ్చింది. తర్వాత బల్ల జబ్బుతో కడుపు ఉబ్బిన ముసలాయన వచ్చాడు. ఆడవాళ్ల వార్డుకి రాజకుమారి తోడు వెళ్లేది. అందరూ బాగుపడి తిరిగి రాలేదు. లంబసింగి వైపు నుంచి వచ్చిన కనక అనే ఆవిడ అక్కడే కన్నుమూసింది. ఆమె చెయ్యి చల్లబడే వరకూ రాజకుమారి వదల్లేదు. అంబులెన్సులో శవం పక్కన కూర్చుని ఇద్దరూ ఆమె ఊరిదాకా వెళ్లారు. ఆ వారం ఫల్గుణకి అన్నం సయించలేదు. ఎందుకు బతికించలేదని దేవుణ్ణి అడిగాడు. అయినా తర్వాత పిలిచినవాళ్లతో వెళ్లాడు.

చర్చిలో ఆయన కూర్చునేది ఇప్పటికీ వెనక వరసలోనే. ఎవరైనా సేవ గురించి అడిగితే సిగ్గుపడి, "ఆసుపత్రికి తోడు ఎల్తన్నాం, అంతే" అంటాడు.

ఈ పొద్దున్న జి.మాడుగుల నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి, గొంతు కొత్తది. భర్తకి గుండె జబ్బంటున్నారని, విశాఖలో దిక్కూ మొక్కూ తెలియదని ఏడుస్తోంది.

"ఏడవకమ్మా" అన్నాడు ఫల్గుణ, చెప్పులు వెతుక్కుంటూ. "మీరు బస్సెక్కి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగండి. నాను అక్కడే ఉంటాను. ఆలస్యమైనా పర్లేదు, కదలను."

రాజకుమారి అప్పటికే సంచిలో దుప్పటి సర్దుతోంది.