కొత్త పరుపు

మా తోడికోడలికి "పాత" అన్న మాట గిట్టదు. ఆమెను నేను అక్కా అనే పిలుస్తాను. మా బావగారితో అక్కది రెండో పెళ్ళి. ఆ పెళ్ళిలో మా అత్తగారి వైపు ఒకావిడ మూతి విరుస్తూ "పాత సరుకేగా" అనడం నేను చెవులారా విన్నాను. అక్కా వింది.

మాది పరుపుల కొట్టు. జనం అణిగిపోయిన పరుపులు తెస్తారు. మగవాళ్ళిద్దరూ వాటిని విప్పి దూదిని మిషన్లో ఏకుతారు. మేమిద్దరం కొత్త గుడ్డ తొడిగి కుడతాం. బిల్లు రాసేది అక్క, సంతకం నాది. ఎలాంటి పరుపైనా అక్క "కొత్త పరుపు" అనే రాస్తుంది. "మన చేతిలో పడ్డాక ఇంకా పాతదేంటే?" అంటుంది. పోనీలే, మాటేగా అనుకున్నాను. ఆ మాటే కొంప ముంచింది.

పన్ను చట్టం మారింది. రిపేరు పనికి పన్ను లేదు, కొత్త సరుకు అమ్మితే ఉంది. మీ బిల్లులన్నీ కొత్త సరుకేనంటూ పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కట్టాలంటే దూది మిషన్ అమ్మాలి. మిషన్ పోతే కొట్టుకు తాళమే. బావగారు అప్పుడే కొనేవాళ్ళ కోసం వాకబు మొదలుపెట్టారు.

"ఆ మిషన్ ఎలా కదులుతుందో నేనూ చూస్తాను," అంది అక్క.

ముందు లాడ్జి ఓనరు దగ్గరకు వెళ్ళాం. ఆయన గదులన్నిటి పరుపులూ మేం విప్పి మళ్ళీ కుట్టినవే. ఆ దూది తనదేనని ఆఫీసులో ఒక్క మాట చెప్పమన్నాం.

"అన్నీ కొత్త పరుపులే అని బోర్డు పెట్టుకున్నానమ్మా. నన్నిందులోకి లాగొద్దు," అన్నాడాయన.

"ఆ బోర్డు కూడా మా అక్కే రాసిందా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

అక్క నా చెయ్యి గిల్లింది. "మీరు రావద్దులెండి. ఒక్క పరుపు ఇవ్వండి, సాయంత్రానికి తెచ్చిస్తాం."

దాన్ని మోసుకెళ్ళి ఆఫీసులో అధికారి బల్ల ముందే పరిచాం.

"ఏంటమ్మా, ఇక్కడే పడుకుంటారా?" అన్నాడు అధికారి.

అక్క కత్తెర తీసింది. తన కుట్టు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వని మనిషి, తనే అంచు కుట్లు టకటకా కోసేసింది. దూదిలో చెయ్యి పెట్టి ఒక గుడ్డ పట్టీ పైకి లాగింది. ఒకరి దూది ఇంకొకరి దాంట్లో కలవకుండా, వాళ్ళ పాత పరుపు గుడ్డ ముక్క లోపల పెట్టడం మా అలవాటు. వెలిసిపోయిన ఆ ముక్క మీద లాడ్జి ముద్ర ఉంది.

"అంటే ఇది..." అని ఆగాడు అధికారి. నేను నోరు తెరవబోతే అక్క కళ్ళతోనే ఆపింది.

"పాతది బాబూ." అక్క ఆ పట్టీని ఆయన బల్ల మీద పెట్టింది. "పాతదే. పాతదైతే పనికిరాదని ఎవరన్నారు?"

నాకు ఏడుపొచ్చేసింది.

"అన్నిట్లోనూ ఈ పట్టీ ఉంటుందా?" అన్నాడు ఆయన.

"ఏ ఇంటికైనా రండి. నేనే విప్పుతా, నేనే కుడతా."

వచ్చారు. వాళ్ళకు తోచిన ఇళ్ళు ఎంచుకున్నారు. వేళ్ళు బొబ్బలెక్కినా అక్క ప్రతిచోటా విప్పి చూపించింది, మళ్ళీ కుట్టింది. చివరికి నిజంగా కొత్త దూదితో చేసిన కొద్ది పరుపులకే పన్ను వేశారు. మిషన్ మాకు దక్కింది.

మర్నాడు ఒకావిడ అణిగిపోయిన పరుపు తెచ్చింది. అక్క బిల్లు పుస్తకం తీసి "పాత పరుపు, రిపేరు" అని రాసింది. సంతకం పెడదామని నేను చెయ్యి చాపితే పెన్ను ఇవ్వలేదు. తనే పెట్టింది.