నాలుగు దెబ్బల నిలుపు

మీ అమ్మ అనసూయ పెళ్లి కుదిరిన రోజు ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. పెళ్లికొడుకు తండ్రి బసవరాజ్‌ది ఔరాద్, కర్ణాటక వైపు. మాటలన్నీ అయిపోయాక, చాయ్ తాగుతూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఎదుర్కోళ్లకు మా బ్యాండ్ వస్తది బావా. మీది బేడ."

నేను గ్లాసు కింద పెట్టాను. నారాయణఖేడ్‌లో బ్యాండ్ మేళం అంటే మాదే. క్లారినెట్ నేనే వాయిస్తాను. అబ్బాయి వాళ్లు ఊరి మొదట్లో దిగితే మా నాయన కట్టిన స్వాగతం పాట వాయిస్తూనే లోపలికి తీసుకొస్తాం. ఎంతమంది పిల్లల పెళ్లిళ్లకో వాయించాను. నా బిడ్డ పెళ్లికి నా బ్యాండ్ బేడట, వద్దట!

"ఎందుకొద్దు బావా?" అన్నాను.

"పోయినేడు మా అన్న బిడ్డ పెండ్లిల రెండు బ్యాండ్లు ఎదురుపడ్డయి. వాళ్లదొక పాట, మాదొక పాట. ఒక్కడు ఆపడు. ఆఖరికి డోలు కర్రలతోటి కొట్టుకున్నరు. పంచాతి చేసి విడిపించినం."

"అయితే రెండు బ్యాండ్లు ఒక్కటే పాట వాయిద్దాం. మా పాట."

బసవరాజ్ ఆలోచించాడు. ఆయన లావుపాటి మనిషి, ఆలోచించినా, నడిచినా నిదానమే.

"మావోళ్లు కాయిదం చూసే వాయిస్తరు. గీతల మీద గుడ్లుంటయి చూడు, గది. మీ పాట గట్ల రాసియ్యి. అంగడి రోజు మా మాస్టర్ వీరప్ప ఖేడ్ వస్తడు, ఆయన చేతిల పెట్టు. కాయిదం లేకుంటే మా బ్యాండ్ ఒక్కటే. ఆయ్తా?"

ఆయ్తా అంటే అయిందా అని. నాకేం అయింది? గీతల మీద గుడ్లు పెట్టే ఆ ఇంగ్లీషు సంగీతం రాత నాకు రాదు. మా నాయనకూ రాదు. పాట నోటితో నేర్పాడు, నోటితో నేర్చుకున్నాను. ఖేడ్ మొత్తంలో ఆ రాత వచ్చినవాడు ఒక్కడు లేడు.

మా చెల్లెలి కొడుకు సంగమేశ్వర్‌కు బస్ డిపో దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కొత్తగా ఒక కంప్యూటర్ కూడా కొన్నాడు. పెళ్లి కార్డుల కోసం పోయి నా బాధ చెప్పుకుంటే వాడు ఎగిరి గంతేశాడు.

"మామా, నా దగ్గర ఉన్నది! పట్నంల మా దోస్తు ఒక ప్రోగ్రాం ఫ్లాపీల ఏసిచ్చిండు. అక్షరాలు కొడితే అదే గీతలు గీస్తది, అదే గుడ్లు పెడ్తది. నువ్వు పాట చెప్పు, చాలు."

"నీకు సంగీతం ఏమొస్తదిరా?"

"నాకెందుకు? దానికొస్తది."

అక్కడే నేను లేచి ఇంటికి రావాల్సింది.

మర్నాడు పొద్దున పోయి కూర్చున్నాను. తెర నల్లగా ఉంది. మూలన ఒక చిన్న తెల్లగీత మిణుకుమిణుకుమంటోంది.

"ఏదిరా పాట?"

"గీడ హుకుం కొట్టాలె మామా. ఏం చెయ్యాల్నో మనం రాస్తే గది చేస్తది. ఒక్క అక్షరం తప్పు పోయినా చెయ్యది."

"మీ అత్త లెక్కనే ఉన్నది గదరా."

నేను స, రి, గ అని చెప్తుంటే వాడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు. ఒక్కో స్వరం ఎన్ని దెబ్బలో అంకె కూడా వేయాలట, పాటను గడులుగా విడగొట్టాలట. క్లారినెట్ మీద ఒక్క ఊపిరిలో పోయే వరుసకు మధ్యాహ్నం దాకా పట్టింది. హుకుం కొట్టాడు. తెర మీద నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చి ఆగిపోయింది.

"అయిందా?"

"లే. తప్పున్నదంటుంది."

"ఎక్కడ?"

"రెండో గడిల ఖాళీ జాగ ఇడిసిపెట్టలేదట."

"ఖాళీ జాగ ఇడిసిపెట్టకుంటే పాట తప్పైతదా?"

సరిదిద్దాడు. మళ్లీ హుకుం. మూడో గడిలో తప్పు. సరిదిద్దాడు. అయిదో గడిలో తప్పు. అన్ని తప్పులు ఒకేసారి చెప్పే మర్యాద దానికి లేదు. పిల్లకు వంక పెట్టే వియ్యపురాలిలా ఒక్కొక్కటే బయటికి తీస్తుంది. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది.

"రానీ మామా, వస్తది," అన్నాడు వాడు.

కరెంటు వచ్చింది. పాట రాలేదు. భద్రం చేయమని వాడు హుకుం కొట్టలేదట. పొద్దున్నుంచి చెప్పిందంతా పోయింది. నేను చెప్పులు వేసుకుని ఇంటికొచ్చేశాను.

అన్నం పెడుతూ మీ అమ్మమ్మ నీలమ్మ అడిగింది, "కాయిదం అయిందా?"

"ఆ కాయిదం మాటెత్తకు."

"అంగడి ఎల్లుండే."

"తెలుసు!"

మర్నాడు మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఒక్కో గడి కాగానే "భద్రం చేసినవా?" అని నేనే అరిచాను. టైపు నేర్చుకునే పిల్లలు నవ్వుకున్నారు. ఏడో గడికి వచ్చాం. ఏం చేసినా ఒప్పుకోలేదు.

"లెక్క ఎక్కువైందంటుంది మామా. గడికి నాలుగు దెబ్బలే ఉండాలె. నువ్వు ఎన్ని చెప్పినవ్?"

"నేను లెక్క చెప్పలె. ఆ స్వరం పట్టుకొని ఉండాలె అన్న."

"ఎంతసేపు?"

"పిల్ల తండ్రి, పిలగాని తండ్రి నడిచొచ్చి అలాయ్ బలాయ్ తీసుకునేదాంక."

వాడు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

మా పాటలో ఉన్న గొప్పంతా అదే. ఏడో గడిలో పై షడ్జమం దగ్గర అందరం ఆగుతాం. డోలు ఆగిపోతుంది. ఆ ఒక్క స్వరం లాగుతూ వియ్యంకుల కాళ్లు చూస్తుంటాం. ఇద్దరూ కౌగిలించుకున్న క్షణంలో డోలు దభీమని పడుతుంది, పాట మళ్లీ మొదలవుతుంది. ఆ దెబ్బకు ఏడ్చినవాళ్లను చూశాను.

"దానికి నడక తెల్వదు మామా, లెక్క తెలుస్తది. లెక్క చెప్పు."

"ఎట్ల చెప్పాలె? ఒకడు జల్దీ నడుస్తడు, ఒకడు మెల్లగ నడుస్తడు. ఒకనికి మోకాళ్ల నొప్పులుంటయి. మోకాళ్ల నొప్పులని కొట్టు!"

"కొట్టనా? మళ్లా తప్పంటది."

చాలాసేపు కొట్లాడుకున్నాం. చివరికి అలిసిపోయి నేనే అన్నాను, "ఇగ నాలుగు దెబ్బలెయ్యి. దాని పాణం చల్లగుండనీ."

నాలుగు వేశాడు. ఒప్పుకుంది. ఇక కాగితం వస్తుందనుకున్నాను. లేదు. మొదటి హుకుంకు అది పాట చదువుకుంటుందట. రెండో హుకుంకు ఏ గుడ్డు ఎంత దూరం ఉండాలో కొలుచుకుంటుందట. ఆ కొలతలు పట్టుకుని మూడోసారి మళ్లీ మొదటి హుకుమే ఇవ్వాలట.

"ఒక్కసారి చెప్తే సమజ్ కాదా దీనికి?"

"గట్లనే ఉంటది మామా."

ప్రింటర్ గర్రుమంటూ కాగితం వదిలింది. గుడ్లన్నీ ఒక మూలకు గుంపుగా చేరాయి. మళ్లీ మూడు హుకుంలు. మళ్లీ అదే గుంపు. సాయంత్రమవుతుంటే సంగమేశ్వర్ తల కొట్టుకున్నాడు.

"దోస్తు ఫ్లాపీల ఉన్న నమూనా పాట కొలతల ఫైలు చెరపలె! పాట మార్చినం గని అది పాత కొలతలే చూస్తుంది."

"పోయినేటి కొలతలతోటి అంగీ కుట్టినవన్న మాట."

"అవ్ మామా."

"అవ్ మామా అంట! చెరుపు ఇగ!"

చెరిపాడు. ఈసారి కాగితం వచ్చింది. గీతలు గీతల్లా, గుడ్లు గుడ్లలా ఉన్నాయి. నాకు ఒక్క ముక్క చదవరాదు కానీ అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాను. అంగడి రోజు వీరప్ప చేతిలో పెట్టాను. ఆయన నిలబడి చూసి, పెదవుల మీదనే కూనిరాగం తీశాడు. అక్షరాలా మా నాయన పాట!

"మంచిగున్నది. వాయిస్తం," అన్నాడు.

మా వాళ్లను కూర్చోబెట్టి చెప్పాను. "ఏడో గడిల ఈసారి కాళ్లు చూడొద్దు. నాలుగు దెబ్బలే. సమజైందా?" రెండో క్లారినెట్ వాయించే కిష్టప్ప అందరికన్నా ముందు తల ఊపాడు.

పెళ్లి రోజు కొత్త ధోతి కట్టుకుని, క్లారినెట్ తుడిచి, దాని నోటి పుల్ల తడిపి బయలుదేరుతుంటే నీలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"గది పట్టుకొని ఏడికి?"

"ఏడికేంది? ఎదుర్కోళ్లకు."

"దండ ఎవరేస్తరు? అలాయ్ బలాయ్ ఎవరు తీసుకుంటరు?"

"పిల్ల తం..."

అక్కడ ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఎదుర్కోళ్లంటే నేను బ్యాండ్ వైపే నిలబడ్డాను. పిల్ల తండ్రి అంటే ఎప్పుడూ ఇంకొకడే. రెండు రోజులు ఆ నల్ల తెర ముందు కూర్చున్నాను కానీ ఈసారి ఆ తండ్రిని నేనే అన్న ముక్క ఒక్కసారి కూడా బుర్రకు తట్టలేదు.

"నీకు ఈ సంగతి ఎప్పటిసంది తెలుసు?" అన్నాను.

"ఊరందరికి తెలుసు. నువ్వే ఎప్పుడు సమజ్ చేసుకుంటవో అని చూస్తున్న."

క్లారినెట్ తీసి పెట్టెలో పెట్టింది. నా చేతిలో బంతిపూల దండ పెట్టింది.

నాగల్‌గిద్ద రోడ్డు మీద వాళ్ల లారీ ఆగింది. వాళ్ల బ్యాండ్ ఆ పక్క, మాది ఈ పక్క. వీరప్ప కాగితం ఎదురుగా పెట్టుకుని చేయి ఊపాడు. రెండు బ్యాండ్లూ ఒక్కసారే ఎత్తుకున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. అంత పెద్దగా, అంత నిండుగా ఆ పాట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ వాయించడమే కానీ ఎదురుగా నిలబడి వినడం అదే మొదలు. అటు నుంచి బసవరాజ్, ఇటు నుంచి నేను నడుస్తున్నాం.

ఏడో గడి వచ్చింది. డోళ్లు ఆగాయి.

నేను కిష్టప్ప వైపు చూశాను. వాడు చెంపలు రెండూ బూరెల్లా పొంగించుకుని ఆ స్వరం లాగుతున్నాడు. కళ్లు నా కాళ్ల మీదే ఉన్నాయి. మావాళ్లందరి కళ్లూ నా కాళ్ల మీదే ఉన్నాయి. అటు వీరప్ప కాగితం చూస్తూ పాదంతో నేల మీద కొడుతున్నాడు. ఒకటి.

బసవరాజ్ ఇంకా ఎంతో దూరంలో ఉన్నాడు. తాపీగా, ఇరుపక్కలా దండాలు పెట్టుకుంటూ వస్తున్నాడు. రెండు.

నాలుగో దెబ్బకు వాళ్లు పాట ఎత్తుకుంటారు. మావాళ్లు ఎత్తుకోరు. రెండు బ్యాండ్లు, రెండు పాటలు, మళ్లీ డోలు కర్రలు, మళ్లీ పంచాయితీ. చేయెత్తి చెబుదామంటే చేతిలో దండ ఉంది.

ధోతి ఎగ్గట్టి ఉరికాను.

ఎవరో "అరెరె" అన్నారు. పానకం బిందె పట్టుకున్న మనిషి పక్కకు దూకాడు. మూడు. బసవరాజ్ నన్ను చూసి, ఏం ప్రమాదమో అని వెనక్కి ఒక అడుగు వేశాడు. నాలుగు! దండతో సహా ఆయన మీద పడి గట్టిగా పట్టుకున్నాను. ఆయన తలరుమాలు ఊడి దుమ్ములో పడింది. మా డోలు, వాళ్ల డోలు ఒక్కసారే దభీమన్నాయి. పాట ఒక్కటై లేచింది.

బసవరాజ్ నా భుజం మీద రొప్పుతూ అడిగాడు, "ఏం బావా! బిడ్డను పంపనీకి గింత జల్దీనా?"

నవ్వులు బ్యాండ్లకన్నా ఎక్కువ వినిపించాయి. లారీలో కూర్చున్న మీ నాయన కూడా నవ్వాడు, చూశాను.

భోజనాల దగ్గర వీరప్ప నా పక్కన కూర్చున్నాడు.

"పాట మంచిగున్నది మాస్టర్. కని నువ్వెందుకు ఉరికినవ్?"

జరిగిందంతా చెప్పాను. ఆయన ముద్ద మధ్యలో ఆపాడు.

"గంతేనా? ఆ గుడ్డు మీద ఒక చుక్క పెట్టి, పైన గొడుగు లెక్క గీత గీస్తే అయిపోతుండె గద. గొడుగుంటే మేము లెక్క చూడం, మీ కాళ్లే చూస్తుంటిమి."

నేను సంగమేశ్వర్ కోసం చుట్టూ చూశాను. వాడు వడ్డించడం ఆపి, చేతిలోని పప్పు బకెట్‌తో సహా పందిరి అవతలికి వెళ్లిపోతున్నాడు.