వెనకనుంచి అందించే పేర్లు

సీమోను కళ్లద్దాలు బియ్యం డ్రమ్ములో దొరికాయి. పొద్దున బియ్యం తీస్తుంటే రిబ్కమ్మ చేతికి తగిలాయి. కొంగుతో తుడిచి భర్తకిచ్చింది.

“నీ మతి గిట్లయిందే. రేపు నన్నే డ్రమ్ముల ఏసి మూత పెడ్తవ్,” అన్నాడు. ఆదివారమని ఇంటికొచ్చిన కూతురు షారోన్ నవ్వింది. రిబ్కమ్మ కూడా నవ్వింది గానీ లోపల లెక్క వేసుకుంది. మొన్న ఫ్రిజ్‌లో తాళంచెవి, ఇప్పుడు ఇవి. పెట్టినట్టు తనకు గుర్తే లేదు. గుర్తు లేకపోవడమే కదా మతిమరుపు జబ్బు.

మర్నాడు బట్టల కొట్టుకని చెప్పి చొప్పదండి నుంచి కరీంనగర్ బస్సెక్కింది. డాక్టరమ్మ గడియారం బొమ్మ గీయమంది, చిన్న కథ చెప్పి తిరిగి చెప్పమంది. “మీ జ్ఞాపకం బాగుందమ్మా. అలసిపోయారంతే,” అంది. రిబ్కమ్మకు నమ్మకం కుదరలేదు. ఆ జబ్బు ఎట్లొస్తదని అడిగింది.

“మెదడులో ఒకచోటికీ ఇంకోచోటికీ దారులుంటాయి. అవి పాడవుతుంటే ముఖం తెలుస్తుంది, పేరు అందదు. కొన్నాళ్లు పక్కదారులు ఆ పని మోస్తాయి. అందుకే బయటికి కనపడదు. ఇంట్లో మీవారు ఎలా ఉన్నారు?”

“ఆయనకేం మేడమ్. చర్చి సంఘంల ప్రతి ఇంటోల్ల పేరు పెట్టి ప్రార్థన చేస్తడు.”

తిరుగు బస్సులో ఆ జవాబు ఆమెను వదల్లేదు. ఇళ్లల్లో ప్రార్థన కూడిక జరిగితే సీమోను కళ్లు మూసుకుని నిలబడతాడు, ఆమె వెనక కూర్చుంటుంది. అందరూ ‘ప్రభువా’ అని గొణుగుతుంటే ఆమె అందులో కలిపి “ప్రభువా, భూమన్న కాలు ప్రభువా,” అంటుంది. వెంటనే ఆయన గొంతు భూమన్న కాలు కోసం మోగుతుంది. పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఎవరింట్లో ఏ కష్టమో గుర్తుంచుకోవడం ఆడవాళ్ల పని అని ఆయన అనుకున్నాడు, తనూ అనుకుంది. సీమోనన్న జ్ఞాపకం దేవుడిచ్చిన వరమని సంఘం అనుకుంది. ఇన్నేళ్ల అలవాటులో ఏ పేరు అందిస్తోందో తనే గమనించలేదు. పోయిన కూడికలో అందించింది ఆయన సొంత తమ్ముడి పేరు. వెస్లీ.

కిటికీ చువ్వ పట్టుకుని డాక్టరమ్మ మాట మళ్లీ అనుకుంది. పక్కదారి. అది తనే.

మళ్లీ ఆదివారం షారోన్‌కు చెప్పింది. “మీ బాపును డాక్టర్‌కు చూపియ్యాలె బిడ్డా.”

“బాపుకేమైందే అవ్వా? మరుపు నీది, ఏసేది బాపు మీద. అందరి పేర్లు చెప్తడు, గాయనకు మరుపా?”

ఆ సాయంత్రం కూడిక జాన్సన్ ఇంట్లో. వాళ్ల కోడలు నవీన నేడో రేపో కనాలి. రిబ్కమ్మ భర్త వెనక, కూతురు పక్కన కూర్చుంది. ఇవాళ ఏ పేరూ అందించకూడదనుకుంది. నలుగురిలో ఆయన పరువు తీస్తున్నానా? ఒకవేళ తనదే పొరపాటైతే? పొరపాటైతే బాగుండు.

“ప్రభువా, ఈ ఇంటి మీద నీ చెయ్యి ఉంచు. ఈ బిడ్డ... నీళ్లు పోసుకున్న ఈ బిడ్డ...”

ఆగాడు. రిబ్కమ్మ నాలుక మీదికి పేరు వచ్చేసింది. పళ్ల మధ్య నొక్కిపట్టింది.

“ఈ బిడ్డ, ప్రభువా... ఈ...”

దుఃఖం పొంగిందనుకుని ఎవరో స్తోత్రం అన్నారు. సీమోను ఎడమచెయ్యి వెనక్కి వచ్చి గాలిలో వెతుకుతోంది. ఆ చెయ్యి అందుకోవాలని ఆమె ఒళ్లంతా లాగింది. కదలలేదు. షారోన్ కళ్లు తెరిచింది. ఆ చెయ్యిని చూసింది, తల్లిని చూసింది. ఎవరూ నేర్పకుండానే ముందుకు వంగి మెల్లగా మొదలుపెట్టింది.

“ప్రభువా, నవీ...”

రిబ్కమ్మ కూతురి నోటిమీద చెయ్యి పెట్టింది.

“అందియ్యకు,” అంది చెవిలో. “చూడు.”