అనాయెలి బూట్లు

"టీచర్లకు టీ ఇచ్చావా?" అని అనాయెలి మూడోసారి అడిగేసరికి మధ్యాహ్నం రెండయింది.

నేనిచ్చిన టీ కప్పు అతని చేతిలోనే ఉంది. డొడోమా నుంచి వచ్చిన టీచర్లు ఆరుగురూ అతని ఎదురుగానే కూర్చుని తాగుతున్నారు.

"ఇచ్చాను. నీకూ ఇచ్చాను. ఇంకోసారి అడిగావంటే నెత్తిన పోస్తాను" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అతని చేతి తొడుగులు కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ ఉన్నాయి.

కిలిమంజారో మీద బరాఫూ మకాం అంటే నాలుగు వేల ఆరు వందల మీటర్ల ఎత్తు. ఇక్కడ తలనొప్పి అందరికీ వస్తుంది. తొడుగులు తారుమారయ్యాయంటే అది తలనొప్పి కాదు, ఎత్తు మెదడుకెక్కినట్టు. పదకొండేళ్లుగా ఈ కొండ మీద వంట చేస్తున్నదాన్ని, నాకు తెలుసు. అలాంటి మనిషిని వెంటనే కిందికి దించాలి. ఆలస్యమైతే స్ట్రెచర్ మీద దించాలి, అదీ అదృష్టం బాగుంటే.

కానీ అనాయెలి మా చీఫ్ గైడ్. పదహారేళ్లు ఒకరి వెనక నడిచి, ఇప్పుడే మొదటిసారి బృందానికి నాయకుడయ్యాడు. కిందటి వారం జ్వరం వచ్చిందన్న సంగతి కంపెనీకి చెప్పకుండా దాచాడు. కొండ మీద ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో చెప్పేది అతనే. అతన్ని దిగమని చెప్పేదెవరు?

వంట గుడారం వెనక అతని మేనల్లుడు గాడ్‌లిసన్‌ను పట్టుకున్నాను. సహాయక గైడ్. ముప్పైసార్లు శిఖరం చూసినవాడు.

"మీ మామయ్యను చూశావా?"

"చూశానక్కా. ఇందాక నడుస్తూ పక్కకి ఒరిగిపోయాడు. రాయి తగిలిందన్నాడు."

"అక్కడ రాయి ఉందా?"

"లేదు."

"మరి దిగమని చెప్పు."

"నేనా? భుజాల మీద మోసి పెంచాడక్కా నన్ను. నాకు నోరు పెగలదు. నువ్వయితే ఏమన్నా చెల్లుతుంది."

నిజమే. అనాయెలి చగ్గా, నేను పారే. మా రెండు తెగల మధ్య తాతల నాటి నుంచీ మేలమాడే వరస ఉంది. వాళ్లను మేము ఏమన్నా అనొచ్చు, మమ్మల్ని వాళ్లు ఏమన్నా అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. వరసైనవాళ్ల వస్తువు కళ్లముందే ఎత్తుకుపోవచ్చు కూడా. సొంతదారు స్వయంగా వెంటపడి, అడిగింది ఇస్తానని విడిపించుకోవాలి. మనిషిని పంపితే పరువు దక్కదు.

చగ్గాలవి అరటితోటలు, మావి మొక్కజొన్న చేలు; తిట్లూ అక్కడివే. ముందు మాటతోనే ప్రయత్నించాను.

"ఏమయ్యా అరటిబోదే, నీకు తల తిరుగుతోంది. కిందికి పద."

"పోవే మొక్కజొన్న పొత్తా! కోడి పోతే ఆవునమ్మి కోర్టుకెక్కే పారేలు చెబితే దిగిపోతానా? ఇది మా కొండ."

"మీ కొండా? మీ తాత అరటి పిలకలా తెచ్చి నాటాడా?"

మూటలు మోసే కూలీలు పడీపడీ నవ్వారు. అతను కదల్లేదు. "ఏం లేదు, నీ మకాండే తిన్నవాడిలా ఒళ్లు బరువుగా ఉంది, అంతే" అని గుడారంలోకి దూరాడు. మొక్కజొన్నా చిక్కుడు గింజలూ కలిపి ఉడికించే మా మకాండేకి అతను పెట్టిన పేరు గాడిద దాణా.

బూట్లు బయట విడిచాడు.

బూట్లు లేకుండా శిఖరం లేదు. రెండింటి తాళ్లూ ముడివేసి మెడలో వేసుకున్నాను.

"ఇద్దరు మనుషుల్ని నీళ్లిచ్చి ఆయనకు చెరో పక్కన పంపు" అని గాడ్‌లిసన్‌తో చెప్పాను. "టీచర్లను నువ్వు ఎక్కించు. సూపు కుండలో ఉంది. మాడ్చావంటే ఊరుకోను."

తరవాత గుడారం ముందు నిలబడి అరిచాను. "ఓ చగ్గా దొరా! నీ బూట్లకు కాళ్లొచ్చాయి!"

టైరు చెప్పులతో బయటికొచ్చాడు. నన్నూ, నా మెడనూ చూశాడు. కూలీలు చప్పట్లు మొదలెట్టారు. టీచర్లలో పెద్దావిడ చల్లగా అంది, "మా గోగో తెగలోనైతే వెళ్లి తెచ్చుకోవాల్సిందే నాయనా."

తప్పలేదు. బయల్దేరాడు.

నేను నలభై అడుగుల దూరం ఉంచి దిగుతున్నాను. అతను ఆగితే ఆగుతున్నాను, కూర్చుంటే కూర్చుంటున్నాను.

"ఏం కావాలే నీకు?"

"ఇంకా అనుకోలేదు. కింద చెబుతా."

గంటన్నర తరవాత ఒక మలుపులో కక్కుకుని, బండకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమయ్యా, అరటిబోదె కూలిందా?"

జవాబు లేదు. కూలీలు నావైపు భయంగా చూశారు. ఆట ఆపి పైకి పరుగెత్తబోయాను.

"నోరు... ముయ్యి... పొత్తా" అన్నాడు కళ్లు తెరవకుండానే.

అంత కమ్మటి తిట్టు నా జన్మలో వినలేదు.

పొదలు కనబడ్డాయి, తరవాత చెట్లు. అతని అడుగు నిలకడకొచ్చింది. సాయంత్రానికి మ్వేకా మకాం చేరాం. పదిహేను వందల మీటర్లు దిగాం. నీళ్లు తాగి, నావైపు చూసి అడిగాడు.

"టీచర్లకు టీ ఇచ్చావా?"

గబుక్కున వంగి అతని కళ్లలోకి చూశాను. అప్పుడు పగలబడి నవ్వాడు. "నీ మొహం చూసుకోవే ఒకసారి!"

బూటు విసిరాను. తగల్లేదు.

నవ్వు ఆగాక తన తొడుగులు చూసుకున్నాడు. "ఎప్పటినుంచి ఇలా?"

"మధ్యాహ్నం నుంచి."

తొడుగులు విప్పి, సరిచేసి వేసుకున్నాడు. "మొదటి బృందం. నాయకుడు జబ్బుపడి దిగిపోయాడంటే మళ్లీ నాకెవరిస్తారు?"

"దిగిపోయావా? బూట్లు విడిపించుకోవడానికి వచ్చావు. జ్వరం దాచిన సంగతి మాత్రం నువ్వే చెప్పుకో."

మర్నాడు టీచర్లు ఆరుగురూ శిఖరం చూసి దిగారు, గాడ్‌లిసన్ వెనకాల. ఆ మర్నాడు గేటు దగ్గర మేనేజరు అంతా విన్నాడు. ఆయనా చగ్గానే. జ్వరం దాచినందుకు రెండు ప్రయాణాలు ఇంట్లో కూర్చోమన్నాడు. దిగినందుకు ఒక్క మాట అనలేదు. "పారేదాని చేతికి బూట్లు చిక్కాక ఏ చగ్గా ఏం చేస్తాడు? మూడో ప్రయాణానికి నువ్వే నాయకుడివి" అన్నాడు.

ఇక బూట్లకు నాకు రావాల్సిన బాకీ. అనాయెలి తన చేత్తో మకాండే వండి, అందరి ముందూ తినాలన్నాను.

మూడు గంటలు పొయ్యి ముందు తిట్టుకుంటూ కూర్చున్నాడు. టీచర్లు చుట్టూ చేరారు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి. పళ్లెం ఖాళీ అయింది.

"గాడిద దాణా ఎలా ఉంది?" అన్నాను.

"ఉప్పు తక్కువ" అని పళ్లెం మళ్లీ చాచాడు.