ఎనిమిదో మెట్టు

ఆ వాడలో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ నిచ్చెనమ్మే. చంకలో ఫారాల సంచీ, చేతిలో ఒక అట్ట, ఆ అట్ట మీద పది మెట్ల నిచ్చెన బొమ్మ. పదకొండేళ్ళుగా ఇళ్ళ రాబడి సర్వే కోసం ఆ నిచ్చెన పట్టుకుని గడప గడపా ఎక్కి దిగడమే ఆమె ఉద్యోగం. నెలకి ఇంట్లోకి ఎంత వస్తుంది, ఎంతమంది తింటారు, ఎన్ని గదులున్నాయి, ఇవన్నీ రాసుకున్నాక చివర్లో అట్ట తీసి చూపించేది. "అందరికంటే ఉన్నవాళ్ళు పైమెట్టు మీద, అందరికంటే లేనివాళ్ళు కిందిమెట్టు మీద ఉన్నారనుకోండి. మీ ఇల్లు ఏ మెట్టు మీద ఉంది?"

ఈ ప్రశ్నకి జనం చెప్పే జవాబు ఆమెకి కంఠతా వచ్చు. అయిదు. మూడు దుకాణాలున్న బట్టల వ్యాపారి, పాలరాతి నేల మీద కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని, "ఏదో, అయిదో మెట్టు మీద ఉన్నాం లెండి" అంటాడు. ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడని మర్నాడు ఆవిడ గుమ్మంలోనే అడిగితే, "మాకేం తక్కువ, అయిదు రాసుకోండి" అంటుంది. వ్యాపారి చూసేది తనకంటే పెద్ద వ్యాపారిని. ఆవిడ చూసేది పని దొరకని చెల్లెల్ని. ఊరు ఊరంతా ఆ ఒక్క మెట్టు మీదే నిలబడితే అది విరగకుండా ఎలా ఉందో ఆ పైవాడికే తెలియాలి.

నిచ్చెనమ్మకి తన ఇంటి మెట్టు గురించి మాత్రం ఏ అనుమానమూ లేదు. మూడు. ఇన్ని ఇళ్ళు చూసిన కంటికి సొంత ఇల్లు ఆనడం మానేసి చాలా కాలమైంది. ఇల్లంటే ఒక గది, ఒక వంటగది. పదో తరగతి చదివే కూతురు వంటగది గట్టు మీద, పొయ్యి పక్కనే పుస్తకం పెట్టుకుని చదువుతుంది. లెక్కల పుస్తకం నిండా లెక్కలకంటే నూనె మరకలే ఎక్కువ. ఆమె రోజూ వెళ్ళే ఇళ్ళలో పిల్లలకి వేరే గది, ఆ గదికో తలుపు, ఆ తలుపు మీద "తట్టి లోపలికి రండి" అని ఒక చీటీ. ఆ చీటీ కంటపడినప్పుడల్లా ఆమెకి ప్రాణం ఉసూరుమనేది.

భర్త నీళ్ళ పంపుల స్టేషన్లో ఆపరేటరు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం రెండింటికి దిగి, మూడయ్యేసరికి ఇంట్లో ఉంటాడు. ఆమె వచ్చేవేళకి వేడిగా ఉండాలని ఆరింటికి పొయ్యి వెలిగిస్తాడు. వండి, ఆమె వచ్చేదాకా తినకుండా కూర్చుంటాడు. ఆ అలవాటు ఆమెకి నచ్చేది కాదు. "ఆకలేస్తే తినొచ్చుగా, నాకోసం మాడటం దేనికి?" అని విసుక్కుంటే, "ఆకలేం లేదులే" అని నవ్వి పళ్ళేలు తీసేవాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ పళ్ళేలొకటి. నాలుగు స్టీలు పళ్ళేలు, కాపురం పెట్టిన కొత్తలో అతను తెచ్చినవి. ఒకదాని అంచుకి సొట్ట. అద్దాల బీరువాల్లో పింగాణీ సెట్లు చూసి ఇంటికొచ్చాక, వాటిలో తినాలంటే ఆమెకి ముద్ద దిగేది కాదు. మారుద్దామంటే అతను కదిలేవాడు కాదు. ముగ్గురికి మూడు పళ్ళేల్లో వడ్డించి, నాలుగోదాన్ని కూడా కడిగి, తుడిచి పక్కన పెట్టేవాడు. ఎందుకని అడిగితే "ఉండనీలే" అనేవాడు. మాటల విషయంలో మహా పిసినారి. ఆమె కూడా అంతలో ఇంకో పనిలో పడిపోయేది.

ఇలా ఉండగా అతనికొక కబురొచ్చింది. రెండు రోజుల ప్రయాణం దూరంలో కొత్త పంపుల స్టేషన్. జీతం ఇప్పటికి రెండున్నర రెట్లు. మూడు నెలలకోసారి పది రోజులు సెలవు. వచ్చేదీ రానిదీ సోమవారంలోగా చెప్పాలి. నిచ్చెనమ్మ ఆ కాగితం చదువుతూ చదువుతూనే ఇంకో గది కట్టేసింది, దానికి తలుపు పెట్టేసింది, ఆ తర్వాత తీరిగ్గా భర్త మొహం చూసింది.

"వెళ్ళాలంటావా?" అన్నాడతను.

"అంటావా ఏంటండీ? వెతుక్కుంటూ వచ్చినదాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా? ఎదురింటివాళ్ళ రాబడి మనకి రెండింతలు, తెలుసా?"

"ఎంతేంటి?"

"అది చెప్పకూడదు. రూలు."

"చెప్పకూడనిదాంతో నన్ను పొడుస్తావేం మరి?"

కూతురు కిసుక్కున నవ్వింది. తల్లి నవ్వలేదు. "పిల్ల పొయ్యి పక్కన చదువుతోంది. మనం మూడో మెట్టు మీద ఉన్నాం. పదకొండేళ్ళుగా అందరివీ రాస్తున్నాను, నాకు తెలీదా?" అంది. అతను ఇక వాదించలేదు. "సరే, నీ ఇష్టం" అన్నాడు. మర్నాడే ఆమె చక్రాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి గోడవార నిలబెట్టింది.

శుక్రవారం ఆఫీసుకి ఆ నెల అడగాల్సిన ఇళ్ళ జాబితా వచ్చింది. కంప్యూటరు లాటరీ వేసి తీసే జాబితా అది, దానికి మొహమాటాలుండవు. అందులో తన ఇంటి నంబరు చూసి ఆమె ముక్కున వేలేసుకుంది. సొంత ఇంటి ఫారం తను రాయకూడదు కాబట్టి, దాన్ని కొత్తగా చేరిన మాస్టారికి అప్పగించారు. ముప్ఫయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరిన పెద్దమనిషి ఆయన. పని నేర్పింది ఆమే. "వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదు మాస్టారూ. జవాబు చెప్పేవాళ్ళ పక్కన ఇంకెవరూ ఉండకూడదు. మూసిన ఫారం మళ్ళీ తెరవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మెట్టు చెప్పగానే రాసెయ్యకండి. బొమ్మ మీద వేలు పెట్టించండి. సగం మంది పైనుంచి లెక్కపెడతారు" అని వారం రోజులు ఆయన బుర్ర తినేసింది. ఆయన బుద్ధిగా తలూపుతూ అన్నీ పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

శనివారం సాయంత్రం మాస్టారు వచ్చాడు. ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళనే అడగాలన్నది పద్ధతి. భర్త పుట్టినరోజు వచ్చే నెలలోనే. "అమ్మా, మీరు కాస్త..." అని మాస్టారు నసిగాడు. "నేర్పింది నేనేగా, నాకు తెలీదా" అని ఆమె కూతుర్ని తీసుకుని వంటగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది. దగ్గరగా అంటే, చెవి పెట్టడానికి సరిపడా సందు ఉంచే వేసింది.

రాబడి, గదులు, తినేవాళ్ళు, అన్నీ అయ్యాయి. అతను అన్నిటికీ పొడిపొడిగా, ఉన్నదున్నట్టు చెప్పాడు. సంచీలోంచి అట్ట బయటికొచ్చిన చప్పుడు ఆమెకి వినిపించింది.

"మీ ఇల్లు ఏ మెట్టు మీద ఉందంటారు?"

"ఎనిమిది."

ఎనిమిదేమిటి? మరుక్షణం అర్థమైపోయింది. పైనుంచి లెక్కపెట్టాడు! పైనుంచి ఎనిమిదంటే కిందనుంచి మూడు. అంటే ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న మనిషి కూడా లోలోపల మూడే అనుకుంటున్నాడన్నమాట. ఎలా అనుకోడు? రోజూ ఆ మూడుని అతని చెవిలో పోసింది తనే. తన మాట నెగ్గింది కాబట్టి సంతోషం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటుంటే బయట పెన్ను మూత తీసిన చప్పుడు. మాస్టారు వేలు పెట్టించకుండానే రాసేస్తున్నాడు! మూడో మెట్టు ఇల్లు ఎనిమిదిగా రికార్డుకెక్కిపోతుంటే పదకొండేళ్ళ ఉద్యోగం ఊరుకోనిస్తుందా?

"వేలు పెట్టించండి మాస్టారూ!" అని వంటగదిలోంచి కేక పెట్టింది.

"అమ్మా, మీరు వినకూడదండీ" అన్నాడు మాస్టారు బెరుగ్గా.

"నేను వినట్లేదు! మీరు వేలు పెట్టించండి!"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు పక్కన కూలబడింది. నిచ్చెనమ్మ సందుకి కన్ను ఆనించింది. భర్త చూపుడు వేలు బొమ్మలో అన్నిటికంటే కిందిమెట్టు మీద వాలింది. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఆగలేదు. నింపాదిగా ఎక్కుతూ పోయి, పైన ఇంకో రెండు మెట్లు మాత్రమే మిగిలిన చోట నిలబడింది.

"కారణం చెప్తారా?" అన్నాడు మాస్టారు. ఇదీ ఫారంలో ఉన్న ప్రశ్నే.

"మాకు నాలుగు పళ్ళేలున్నాయండీ. తినేది ముగ్గురం" అన్నాడతను.

"అర్థం కాలేదు బాబూ."

"చిన్నప్పుడు మేం ఏడుగురం. పళ్ళేలు రెండే. వంతులేసుకుని తినేవాళ్ళం. నేను ఆఖరివాణ్ణి. ముందువాళ్ళు తిని, కడిగిచ్చేదాకా గోడకానుకుని నిలబడేవాణ్ణి. నాకు మిగిలేది తక్కువే, దానికేం బాధ లేదండీ. అందరూ లేచి వెళ్ళిపోయాక ఒక్కణ్ణే కూర్చుని తినాలి చూడండి, అదీ నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ముగ్గురం ఒకేసారి కూర్చుంటాం. అప్పటికీ ఒక పళ్ళెం మిగిలే ఉంటుంది. రోజూ దాన్ని కడిగి పక్కన పెడుతుంటే... మీరు నవ్వుతారేమో గానీ, మహారాజులా ఉంటుంది నాకు."

నిచ్చెనమ్మ ముక్కూ మొహం తెలియని వేలమందిని "కారణం చెప్తారా?" అని అడిగి, వాళ్ళు నోరు తెరిచేదాకా ఓపిగ్గా కూర్చుంది. ఈ మనిషిని అడిగి, జవాబు కోసం ఒక్కసారీ ఆగలేదు.

"అయిదేళ్ళ తర్వాత ఏ మెట్టు మీద ఉంటారనుకుంటున్నారు?"

"కొత్త ఉద్యోగానికి వెళ్తున్నానండీ. జీతం రెండున్నర రెట్లవుతుంది."

"అయితే ఇంకా పైమెట్టేనన్నమాట!"

"నాలుగు రాసుకోండి."

"అదేంటి బాబూ, పెరుగుతుందంటున్నారుగా?"

"పెరుగుతుంది. అక్కడ క్యాంటీన్లో ఒక్కణ్ణే తినాలి కదండీ. పర్లేదు, పిల్లకి గది కావాలి. వాళ్ళమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. దిగాలంటే దిగుతాం. మీరు రాసుకోండి."

ఆ "పర్లేదు"లో నిష్ఠూరం ఉండి ఉంటే ఆమె ఒంటికాలి మీద లేచి దెబ్బలాడేది. ఏ మూలా లేదు. ఆమె తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"రానని చెప్పెయ్యండి వాళ్ళకి" అంది భర్తతో.

మాస్టారు ఫారాన్ని గుండెలకి హత్తుకుని, "అమ్మా, పక్కన ఎవరూ ఉండకూడదని మీరే..." అని బిక్కమొహం వేశాడు. ఆయన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

"మరి గది?" అన్నాడు భర్త.

"గది కావాలి. ఇప్పటికీ కావాలి, నేనేం మారిపోలేదు. ఇక్కడే ఉండి నెమ్మదిగా కట్టుకుందాం. అందాకా మీరు అయిదింటికల్లా వంట ముగించి పొయ్యి ఆర్పెయ్యండి. ఆ తర్వాత వంటగది దానిది. దానికీ తలుపుంది. చల్లారిన కూర తింటే నేనేం చచ్చిపోను."

"తలుపు మీద చీటీ అంటించుకోవచ్చా?" అంది కూతురు లోపల్నించి.

"అంటించుకో. ఆ చక్రాల పెట్టె కూడా లాక్కుపోయి పుస్తకాలు సర్దుకో."

భర్త గోడవారనున్న పెట్టెని తనే తోసుకుంటూ వెళ్ళి వంటగదిలో పెట్టి, వస్తూ వస్తూ మొహం తుడుచుకున్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని, "ఇంతకీ ఈ నాలుగు కొట్టెయ్యనా?" అని అడిగాడు. "కొట్టేసి ఎనిమిదే ఉంచండి" అన్నాడతను. మాస్టారు దిద్ది, సంతకం చేయించుకుని, ఫారం మూశాడు. ఊరికే ఉండలేక, "ఫారంలో రాయనుగానీ, మీరైతే ఏ మెట్టంటారమ్మా?" అన్నాడు.

"ఆరు" అందామె కాసేపు ఆలోచించి. "గది లేదుగా. అంతకంటే ఒప్పుకోను."

మాస్టారు నవ్వుతూ లేవబోయాడు. "కూర్చోండి, భోంచేసి వెళ్ళండి" అంది ఆమె. మంచినీళ్ళు తప్ప ముట్టకూడదని ఆయన గుర్తుచేస్తే, "ఫారం మూసేశారుగా, ఇప్పుడిది నా ఇల్లు" అని దబాయించింది. నాలుగు పళ్ళేలూ కిందికి దిగాయి. సొట్టపోయినదాన్ని ఆమే తన ముందుకి లాక్కుంది. నలుగురూ నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ముద్ద దిగడానికి ఆమెకి ఏ ఇబ్బందీ కలగలేదు.

"నాన్నా, ఇవ్వాళ పళ్ళెం మిగల్లేదు. మరిప్పుడు ఏ మెట్టు?" అంది కూతురు ఆటపట్టిస్తూ.

అతను మాస్టారి వైపు చూశాడు, నాలుగో పళ్ళెం వైపు చూశాడు. "తొమ్మిది" అన్నాడు.

మాస్టారి ఎడమచెయ్యి అలవాటుగా ఫారం మీదికి పోయి, రూలు గుర్తొచ్చి ఆగిపోయింది. ఆయన నిచ్చెనమ్మ మొహంలోకి చూశాడు. ఆమె అన్నం కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది.

"తెరవండి మాస్టారూ. ముందు వేలు పెట్టించండి."