రెండు గుడ్డల పరీక్ష

పరిశోధనశాలలో ఎలుకల గదిలో పనిచేసే ఆమెను అందరూ ఎలుకలమ్మ అనే పిలిచేవారు. పంజరాలు కడగడం, అడుగున రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు తగిలించడం ఆమె పని. రెండు వారాలుగా ఇంకో పనీ అంటగట్టారు. కళ్ళు సరిగ్గా తెరవని ఎలుకకూనను పొడవాటి పెట్టె మధ్యలో వదలాలి. ఒక చివర నిమ్మవాసన పట్టిన దూది, ఇంకో చివర ఉత్త దూది. కూన ఎటు పాకిందో ఆమె చెబుతుంటే ఎలుకల డాక్టరమ్మ రాసుకునేది.

నిమ్మవాసన చూపిస్తూ ఆల్కహాల్ చుక్క పట్టించిన కూనలు పడుతూ లేస్తూ నిమ్మ వైపే పోయేవి. ఆ చుక్కకు ముందు ఓ సూది వేసిన కూనలకు మాత్రం నిమ్మయినా ఒకటే, గోడయినా ఒకటే.

"ఆ సూదిలో ఏముంది మేడమ్?"

"తాళం," అంది డాక్టరమ్మ. "మన ఒంట్లోనే నల్లమందులాంటిది ఊరుతుంది. అమ్మ పాలు తాగితే, అమ్మ పక్కన వెచ్చగా పడుకుంటే పసివాళ్ళకు వచ్చే హాయిలో దాని చెయ్యి ఉంది. ఆల్కహాల్ కూడా దొంగలా ఆ తలుపులోంచే దూరుతుంది. సూది ఆ తలుపుకు తాళం. ఇంత పసితనంలోనే ఆ రుచి ఎలా అంటుకుంటుందా అని చూస్తున్నాం."

ఎలుకలమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. మొన్ననే, పళ్ళొస్తూ గుక్కపట్టి ఏడుస్తున్న తన తొమ్మిది నెలల కూతురు బుడంకాయ చిగుళ్ళకు అత్తగారు బ్రాందీ రాసేసింది. తండ్రి తాగుడు పుణ్యమా అని తన చదువు ఎనిమిదో తరగతిలోనే అటకెక్కింది. ఆ దొంగ ఇప్పుడు తన కూతురి తలుపు కూడా తట్టేశాడా?

సాయంత్రం ఇంటికి రాగానే హాల్లో చాప పరిచింది. ఒక చివర బ్రాందీ చుక్క వేసిన గుడ్డ, ఇంకో చివర ఉత్త గుడ్డ.

"అత్తయ్యా, మీరు కదలకండి. ఊపిరి కూడా మెల్లగా పీల్చండి."

"నేనేమన్నా ఎలుకనా?"

"ఎలుక మన బుడంకాయ. మీరు గోడ."

"ఇన్నాళ్ళకు నా కోడలు నాకో ఉద్యోగం ఇచ్చింది!" అంటూ అత్తగారు గోడకు ఆనుకుని బిగుసుకుపోయింది.

చాప మధ్యలో కూర్చోబెట్టిన బుడంకాయ ముందు తన బొటనవేలు చూసుకుంది. తర్వాత కిలకిలా నవ్వి, బండి స్టార్టయినట్టు సర్రున బ్రాందీ గుడ్డ దగ్గరికి పాకి, దాన్ని ముఖానికి అదుముకుంది.

రెండోసారీ అంతే. మూడోసారి కేరింతలు కూడా.

"అబ్బో, మహా రసికురాలే నా మనవరాలు!" అని పడీ పడీ నవ్విన అత్తగారు, కోడలి ముఖం చూసి టక్కున నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఎలుకలమ్మ ఏప్రన్ కట్టుకోకుండానే డాక్టరమ్మ ముందు వాలిపోయింది. "మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ తాళం సూది మా పిల్లకీ ఒకటి వేసెయ్యండి!"

"అమ్మో, ఆ మాట ఎత్తకు! అసలేమైంది?"

ఎలుకలమ్మ మొత్తం చెప్పేసింది. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆ గుడ్డలు ఎక్కడివి?"

"ఉత్తది కొత్త తువ్వాలు మేడమ్. బ్రాందీ వేసి పాడుచెయ్యడం ఎందుకని, రెండోదానికి నా పాత నైటీ చింపాను."

"ఉతికిందేనా?"

"ఎక్కడ ఉతికాను! ముందురోజు రాత్రంతా అందులోనే పాలిచ్చా..." అంటూనే ఎలుకలమ్మ ఆగిపోయింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక పంజరం పట్టుకుంది. లోపలి తల్లి ఎలుక ఉలిక్కిపడి లేచింది. "పిల్ల వెళ్ళింది నీ దగ్గరికే తల్లీ! అయినా నేను ఎలుకల డాక్టర్ని. ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించు. ఇంకెప్పుడూ ఒక్క చుక్క తగలనివ్వకు, అది పసివాళ్ళకు విషం."

పిల్లల డాక్టరు బుడంకాయను అటూ ఇటూ తిప్పి చూసి, పిల్ల బాగానే ఉందని చెప్పి, అత్తగారికి మాత్రం గట్టిగా తలంటాడు. ఇంటికొస్తూనే ఆవిడ మారుమాట లేకుండా బ్రాందీ సీసా తీసి సింకులో ఒంపబోయింది.

"ఆగండత్తయ్యా, గుడ్డకు ఒక్క చుక్క! పిల్లకు తగలనివ్వను. పరీక్ష సరిగ్గా చెయ్యాలి."

ఈసారి రెండూ ఒకే కొత్త తువ్వాలు ముక్కలు. అత్తగారు పెన్సిలు పట్టుకుని మళ్ళీ గోడయింది. బుడంకాయ బ్రాందీ గుడ్డ వైపు కాస్త వంగి, హాచ్చుమని తుమ్మి, వెనక్కి తిరిగింది. ఉత్త గుడ్డ మీదుగా తొక్కుకుంటూ చాప దాటి వచ్చి, ఎలుకలమ్మ ఒళ్ళోకి ఎక్కేసింది. తీసుకెళ్ళి మళ్ళీ మధ్యలో పెడితే మళ్ళీ అంతే. మూడోసారి దారిలో పాటలు కూడా. ఎలుకలమ్మకు నవ్వో ఏడుపో తెలియనిదేదో తన్నుకొచ్చింది. బొజ్జలో ముఖం పెట్టి పిల్లను గిలిగింతలు పెట్టేసింది.

అత్తగారు సీసా మొత్తం సింకులో ఒంపి, పంపు తిప్పి, వచ్చి క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాసింది: "మూడుసార్లు, మూడూ కోడలే. గోడ దగ్గరికి ఒక్కసారీ రాలేదు."