హంసకు నీలం గుడ్డ

"నా బొమ్మలు సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఉన్నాయి" అంది అత్తగారు, ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని.

కోడలు తొంగి చూసింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. డైనింగ్ టేబుల్ మీద పింగాణీ హంస, దాని వెనక సగం ఖాళీ అయిన నీళ్ల సీసా, నలిగిన పేపరు, ఎవరో తాగి వదిలేసిన కప్పు. గొడుగు పట్టుకున్న అమ్మాయి బొమ్మకైతే కుర్చీకి ఆరేసిన తువ్వాలు నెత్తిలోంచి మొలిచినట్టుంది. ఫొటో తీసేటప్పుడు ఇవేవీ ఆమె కంటపడలేదు. రోజూ చూసే ఇల్లు కదా.

ముందటి వారమే అత్తగారు తన నిర్ణయం ప్రకటించింది. ముందు గదిలో కిటికీ పక్క గోడనంతా ఆక్రమించిన అద్దాల బీరువాలోని బొమ్మలన్నీ తను ఉండగానే పంచేస్తుందట. తను పోయాక పంచుకుంటే బొమ్మలతో పాటు చుట్టరికాలు కూడా పగులుతాయని ఆవిడ వాదన. ఏది ఎవరికన్నది ఆవిడ మనసులో ఎప్పుడో తేలిపోయింది. పంచే ముందు మాత్రం ప్రతి బొమ్మకీ ఒక మంచి ఫొటో కావాలి, ఆల్బమ్ కట్టించుకుంటుంది. కొడుకు వెంటనే ఒప్పుకున్నాడు. అరగంట పని అన్నాడు. ఆయన అరగంట పని అన్న పనులన్నీ ఆ ఇంట్లో ఎవరి చేతి మీదుగా జరుగుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఆయన మనసు అప్పటికే బీరువా వెనక గోడ మీదికి పోయింది. బీరువా తీసేస్తే అక్కడ పెద్ద టీవీ పడుతుంది. టేపు తెచ్చి కొలిచి, తన కొలతకు తనే మురిసిపోయాడు.

కోడలు కూడా ఆ గోడ మీదే కన్నేసిందని ఎవరికీ తెలీదు. ఆమెకు కావలసింది టీవీ కాదు, కుట్టుమిషను పెట్టుకోవడానికి కాస్త చోటు. మిషను పడగ్గది బీరువా నెత్తిన కాపురముంటుంది. కుట్టాలంటే స్టూలెక్కి దాన్ని గుండెలకు హత్తుకుని దించాలి, డైనింగ్ టేబుల్ ఖాళీ చేయాలి, దారం ఎక్కించాలి. సరిగ్గా నాలుగు జానల కుట్టు పడేసరికి ఎవరో ఒకరికి ఆకలేస్తుంది. మళ్లీ అన్నీ సర్దెయ్యాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఆ మిషన్ని ఇన్నేళ్లుగా తిప్పుతూనే ఉంది. అందుకే వంటకీ వంటకీ మధ్య పూర్తయ్యే కుట్లు మాత్రమే ఆ ఇంట్లో పూర్తవుతాయి. ఊడిన గుండీలు, దిండు గలీబులు, మొగుడి ప్యాంటు అంచులు. ఓ రోజంతా పరుచుకుని కూర్చోవలసినవి ఏవీ మొదలే కావు. అయినా గుడ్డ కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. కట్‌పీసు గుడ్డల దుకాణం ముందు నుంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన దాఖలా లేదు. కొన్నదల్లా మంచం కింద రేకు పెట్టెలోకి పోతుంది. "మా ఆవిడ బట్టల కొట్టు పెట్టిందండీ, కాకపోతే ఎవరికీ అమ్మదు" అని ఆయన వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు. కూతురు దానికి గుడ్డల బ్యాంకు అని పేరు పెట్టింది. అత్తగారు పేరేమీ పెట్టలేదు గానీ, పెట్టె మూత చప్పుడైనప్పుడల్లా గొంతు సవరించుకుంటుంది. అందరితో పాటు కోడలూ నవ్వేది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు.

ఇప్పుడా పెట్టెనే బరబరా ముందు గదిలోకి లాక్కొచ్చింది. కుర్చీ వీపు మీంచి గుడ్డ జారవిడిస్తే అది కూర్చునే చోట పరుచుకుంటుంది, గోడా బల్లా సీసా ఏవీ కనపడవు, బొమ్మ ఒక్కటే ఉంటుంది. ముందు ఎర్ర గుడ్డ వేసింది, తెల్ల హంసను బాగా ఎత్తి చూపుతుందని. తీరా చూస్తే గుడ్డ ఎరుపంతా పింగాణీ మీద పడి హంస మెడ, రెక్కలు గులాబీరంగుకి తిరిగాయి.

దానికి జ్వరమొచ్చిందమ్మాయ్ అంది అత్తగారు, నవ్వకుండా.

సాటిన్ వేస్తే బొమ్మ కంటే వెనక గుడ్డే ఎక్కువ మెరిసింది. పెద్ద పూల గుడ్డ వేస్తే చెక్క ఏనుగు పూలతోటలో చీమయి కూర్చుంది. ఒక్కో తప్పుకీ అత్తగారు ఒక్కో మాట విసురుతుంటే, కోడలు పెట్టెలోంచి ఇంకో మడత తీసి, ఇస్త్రీ చేసి, కుర్చీ మీద పరిచేది. గుడ్డ జారిపోతోందని అత్తగారే లేచొచ్చి కుర్చీ వెనక నిలబడి కొసలు పట్టుకుంది. మధ్యాహ్నం గడిచేసరికి ఇద్దరికీ పని పట్టుబడింది. గాజు గుర్రానికి బూడిదరంగు నూలు, ఏనుగుకి ఆవపూల పసుపు, గొడుగమ్మాయికి ఎప్పుడో కూతురి గౌనుకని కొన్న చిన్న చుక్కల గుడ్డ. ఆ కూతురు ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది, తల్లి కంటే జానెడు పొడుగు. ఫొటోలు నిజంగానే బాగా వస్తున్నాయి. కోడలికి లోపల ఎక్కడో చిన్నపిల్లలా సంతోషంగా ఉంది, పైకి మాత్రం పనిలాగే చేసింది.

ముక్కు అతికించిన పోస్ట్‌మ్యాన్ బొమ్మ వంతు వచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో దుమ్ము తుడుస్తూ ఆమే ఆ ముక్కు విరగ్గొట్టింది. "ఈ ముక్కు మా కోడలి చలవ" అని అత్తగారు చుట్టాలందరికీ ఆ బొమ్మని చూపించేది. ఆ మాటకి కోడలు మొదట్లో ఏడ్చింది, తర్వాత పళ్లు కొరికింది, ఇప్పుడైతే చుట్టాల కంటే ముందు తనే అనేస్తుంది. దాన్ని ఎవరికిస్తున్నారని అడిగితే, ఎవరికీ ఇవ్వనంది అత్తగారు. అది లేకపోతే ఇంటికొచ్చిన వాళ్లకి నీ గురించి ఏం చెప్పుకోను అంది.

చివరికి హంస మళ్లీ వచ్చింది. పెట్టె అడుగు నుంచి ముదురు నీలం ఉన్ని గుడ్డ తీసి జారవిడిచింది కోడలు. హంస ఒక్కసారిగా తెల్లబడింది. దాని మెడ వంపు, రెక్క మీద గీతలు అన్నీ తేరుకుని కనిపించాయి. అత్తగారు మాత్రం హంసను చూడలేదు. గుడ్డ కొసను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"ఇంత మంచి గుడ్డ ఎందుకు కుట్టలేదమ్మాయ్?"

ఆ గుడ్డ కొన్న రోజు కోడలికి బాగా గుర్తుంది. కుట్టు స్కూల్లో సాయంత్రాలు పాఠాలు చెప్పడానికి రమ్మని పిలిచారప్పుడు. తన చేత్తో కుట్టుకున్న కోటు వేసుకుని వెళ్లాలనుకుంది. ఆయన వద్దని కేకలేమీ వేయలేదు. సాయంత్రాలు నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు అన్నాడంతే. ఆ మాటను ఆమె చాలాకాలం పొగడ్త అనుకుంది. కోటు ఎందుకు కుట్టలేదంటే తీరిక లేక అని చెప్పడం అలవాటు. ఈసారి ఆ అబద్ధం నోటికి రాలేదు.

"చోటు లేదు అత్తయ్యా" అంది. అన్నాక తనే ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.

అత్తగారు కొస వదలకుండానే పక్కనున్న మోడా మీద కూలబడింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ కాపురానికొచ్చినప్పుడు ఈ ముందు గది భర్తదట. ఆయన స్నేహితులు, పేకాటలు, సిగరెట్లు. ఆవిడకు వంటగదిలో పీట తప్ప కూర్చునే చోటు లేదు. కిటికీ పక్కన ఒక కుర్చీ వేసుకుంటానని అడిగితే, ఇల్లంతా నీదే కదే, ప్రత్యేకంగా ఒక మూలెందుకు అని నవ్వాడట ఆయన. మళ్లీ అడిగింది, మళ్లీ నవ్వాడు. ఆయన ఊరెళ్లిన రోజు చూసి వడ్రంగిని పిలిచి ఈ బీరువా పెట్టించేసింది. అందులోకి మొదట్లో పింగాణీ బొమ్మలే కొంది, చెయ్యి తగిలితే పగిలేవి. మగవాళ్లు పేకముక్కలు పట్టుకుని వేరే గదికి తరలిపోయారు. ఆవిడ బీరువా ముందు కుర్చీ వేసుకుని, చేతిలో పొడిగుడ్డ పెట్టుకుని కూర్చునేది.

"బొమ్మల కోసం గోడ పట్టాననుకుంటున్నావా? గోడ కోసం బొమ్మలు కొన్నాను. ప్రేమ తర్వాతొచ్చింది" అంది అత్తగారు. "తుడుస్తున్నానంటే ఎవరూ పిలిచేవారు కాదు. నువ్వొచ్చాక ఆ పని నీకిచ్చింది కూడా అందుకే."

అందులో నిజమెంతో, అప్పటికప్పుడు అల్లిందెంతో కోడలికి తెలీలేదు. వేళ్లు తిమ్మిరెక్కేలా ఆ బొమ్మల్ని తుడుస్తూ ఆవిణ్ణి ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. కానీ ఆ గంటలో నిజంగానే ఆమెనెవరూ పిలిచేవారు కారు. ఆవిడ కొస పట్టుకుని అలా కూర్చుంటే, వెళ్లి ఆ భుజం మీద తల పెట్టాలనిపించింది. అలవాటు లేక పెట్టలేదు.

మీరొక మాట చెప్తే మీ అబ్బాయి కాదనడు కదా అని అడిగింది, గోడ వైపు చూడకుండా.

"నేను చెప్పను" అంది అత్తగారు. "నేనిప్పిస్తే అది నేనిచ్చిన చోటవుతుంది. అడిగితే ఇవ్వరమ్మాయ్. పెట్టేస్తే కదపరు."

బొమ్మలు ఒక్కొక్కటే తమ ఇళ్లకు వెళ్లిపోయాయి. పోస్ట్‌మ్యాన్ ఒక్కడే మిగిలిన బీరువాను అత్తగారు తన గదిలోకి జరిపించుకుంది. గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. ఆ ఆదివారం ఆయన బజారుకెళ్లగానే కోడలు స్టూలెక్కి మిషను దించింది. కూతురి చదువు బల్ల మీదున్న పాత పేపర్లు కట్టకట్టి, బల్లను కిటికీ పక్కన ఆ గోడ దగ్గరికి ఈడ్చింది. ఒక వైపు మిషను పెట్టి, మిగతా బల్లంతా నీలం ఉన్ని పరిచింది. తన కొలతలు తనే తీసుకుంది. నడుము చుట్టూ టేపు తిప్పుతుంటే సిగ్గేసింది. అప్పటి కొలతలు కావు ఇవి. సుద్దతో గీతలు గీసింది.

కత్తెర చేతిలోకి తీసుకున్నాక భయం పట్టుకుంది. ఇంతవరకూ చేసిందంతా మళ్లీ సర్దేయొచ్చు. సుద్ద దులిపి గుడ్డ మడిచేయొచ్చు, మిషన్ని మళ్లీ బీరువా ఎక్కించొచ్చు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. పడగ్గది తలుపు, స్టూలు, పెట్టె మూత అన్నీ కళ్లముందు మెదిలాయి. వీధి తలుపు చప్పుడైంది. ఆయన టీవీ కొట్టువాడితో ఫోన్‌లో మాట్లాడుతూ చెప్పులు విప్పుతున్నాడు. ఆమె కత్తెరను గుడ్డ అంచున ఆనించింది. ఆనించి, కోసింది. భుజం గీత దగ్గర మొదలుపెట్టి అంచు దాకా ఎక్కడా ఆగలేదు.

ఆయన లోపలికొచ్చి బల్లని, ఆమెని, గోడని చూశాడు. ఏదో పండగ సర్దుడు అనుకున్నాడు కాబోలు, కోపం రాలేదు. జేబులోంచి టేపు తీస్తూ, "ఇది కాస్త జరుపు, సాయంత్రం వాళ్లొచ్చి టీవీ బిగిస్తారు" అన్నాడు.

ఆమె రెండు ముక్కలైన గుడ్డను అరచేత్తో సాపుచేసింది. నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చి, నోరు ఖాళీ అయ్యాక ఆయన వైపు తిరిగింది.

"జరపడానికి లేదండీ" అంది. "కత్తిరించేశాను."